దువ్వే చెయ్యి ఎవరిది?

మా అబ్బాయి 2018లో హైదరాబాదు కొండాపూర్‌లో ఉద్యోగం చేసుకుంటూ, స్నేహితులతో కలిసి ఉంటున్న ఫ్లాట్‌లోకి ఒక బొచ్చుకుక్కపిల్లను తెచ్చుకున్నాడు. షిట్జు. ముప్పై వేలు పెట్టానని నాకు చెప్పకుండా వాళ్ల చెల్లికి చెప్పాడు. వీడియో కాల్‌లో చూపించినప్పుడు రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది. తెలుపు మీద తేనెరంగు మచ్చలు, ముఖం నిండా నలువైపులా విచ్చుకున్న వెంట్రుకలు. "ఎలా ఉందమ్మా?" అన్నాడు. "బొమ్మలా ఉందిరా" అన్నాను. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. బొమ్మనైతే అలమరలో పెట్టి ఊరెళ్లవచ్చు.

2019 డిసెంబరులో వాడికి వీసా వచ్చింది. అమెరికా వెళ్లే ముందు ఆదివారం కారులో విజయవాడ వచ్చి, కుక్కనీ దాని గిన్నెలనీ పటమటలోని మా ఇంట్లో దింపాడు. "ఆర్నెల్లే అమ్మా, తర్వాత నేనే తీసుకెళ్తా" అన్నాడు. ఆ ఆర్నెల్లు ఇంకా అవలేదు. వాడి మనసులో లేక కాదు. ఈ చప్పిడి ముక్కు కుక్కలకు విమానంలో ఊపిరాడదని చాలా ఎయిర్‌లైన్స్ సామాను అరలో ఎక్కించుకోవు. మన దేశం నుంచి వెళ్లే కుక్కకు రేబిస్ కాగితాలు, పరీక్షలు, మైక్రోచిప్పు సరేసరి. కొనేటప్పుడు ఇవన్నీ వాడికి ఎవరు చెబుతారు?

కుక్క పేరు కోకో. నేను కోకిగాడా అంటాను. వాడు వచ్చిన రోజు సాయంత్రం ముద్దొచ్చి చెవి వెనక నిమిరాను. చేతికి వెంట్రుకలు తగల్లేదు, కంబళి ముక్క తగిలింది. చంకల్లో, తొడల మధ్య, మెడపట్టీ కింద, తోక మొదట్లో అంతా అదే. పైపైన బ్రష్ చేస్తే మెరుస్తూ కనిపించే బొచ్చు అడుగున అట్టకట్టి చర్మానికి అతుక్కుపోయింది. మర్నాడు గ్రూమింగ్ చేసే కుర్రాణ్ణి ఇంటికి పిలిస్తే పాపం రెండు గంటలు కూర్చున్నాడు. "దువ్వితే పోదమ్మా, తీసేయాల్సిందే" అన్నాడు. మిషను పెట్టి తీస్తుంటే బొచ్చు తోలులాగా ఒకే అట్టగా ఊడి వచ్చింది. దాని కింద చర్మం ఎర్రగా, చెమర్చినట్టు, అక్కడక్కడ పుళ్లు. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఆ అట్టలు చర్మాన్ని లాగుతూనే ఉండి ఉంటాయి. ఎన్ని నెలలుగా లాగుతున్నాయో. అయినా వాడు ఎవర్నీ కరవలేదు. అంతసేపూ నా మోకాలి మీద గడ్డం ఆనించి నావైపే చూశాడు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. జంతువుల గురించి నాకు తెలుసనే అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి మళ్లీ చదువుకున్నాను, వాడి దగ్గర. ఈ వ్యాసం రాయడానికి కారణం ఒక్కటే. మా వీధిలో సాయంత్రం నడకకు వచ్చే షిట్జులు నాలుగున్నాయి. మూడింటి గొలుసులు పట్టుకుని నడిచేది మా ఈడువాళ్లే. తెచ్చిన పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో బెంగళూరులోనో ఉన్నారు. కుక్క ఇక్కడుంది. ముందు తరంలో మన ఇళ్లల్లో తెల్ల పామరేనియన్ ఉండేది, తర్వాత ఒక ఫోను కంపెనీ ప్రకటన చూసి అందరూ పగ్‌లు తెచ్చారు, ఇప్పుడు షిట్జు వంతు. పామరేనియన్ బొచ్చు రాలి సోఫా నిండా పడేది. షిట్జు "బొచ్చు రాలదు" అని చెప్పి అమ్ముతున్నారు. కొనేవాళ్లకు నచ్చేది ఆ మాటే. కుక్క పాలిట శాపమయ్యేదీ ఆ మాటే.

ఎందుకో చెబుతాను. చాలా కుక్కల వెంట్రుక కొన్నాళ్లు పెరిగి ఆగుతుంది, తర్వాత రాలుతుంది. షిట్జు వెంట్రుక మన తలవెంట్రుకలాగా చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది, నేలదాకా పెరుగుతుంది. అయితే అసలు రాలదని కాదు. రాలిన వెంట్రుక కింద పడదు, పక్క వెంట్రుకల్లోనే చిక్కుకుంటుంది. పైన పొడుగు పొర, అడుగున మెత్తటి పొర, రెండు పొరల బొచ్చు ఇది. అడుగు పొరలో రాలినది పై పొరకు చుట్టుకుని ముడిపడుతుంది. దానికి తడి తగిలితే బిగుస్తుంది. ఎనిమిదో నెల నుంచి ఏడాది వయసు మధ్యలో పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చే కాలం ఒకటుంటుంది. అప్పుడు పొద్దున దువ్వింది సాయంత్రానికి చిక్కు. చాలా ఇళ్లల్లో మురిపెం తీరిపోయే సమయం కూడా సరిగ్గా అదే. పిల్ల పెద్దదైంది, పరుపు మీద ఒంటికి పోసింది, చెప్పులు కొరికింది, ఇక బాల్కనీలోకి వెళ్తుంది. బాల్కనీలో ఉన్న షిట్జును ఎవరు దువ్వుతారు?

దువ్వడం అంటే ఏమిటో కొంచెం వివరంగా రాస్తాను, తెలియకనే చాలామంది తప్పు చేస్తున్నారు కనుక. పొడి బొచ్చు మీద బ్రష్ లాగకూడదు, వెంట్రుక తెగుతుంది. ఇస్త్రీ బట్టల మీద చల్లేలా నీళ్లు సన్నగా చల్లాలి. తర్వాత పాయలు తీయాలి. మన ఆడపిల్లలకు జడ వేసేటప్పుడు పాపిడి తీస్తామే, అలాగే. పొట్ట దగ్గర మొదలుపెట్టి, పై బొచ్చు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, చర్మం కనిపించేలా గీత తీసి, ఆ గీత దగ్గరి నుంచి కొసదాకా దువ్వాలి. ఒక పాయ అయ్యాక దాని పై పాయ. ముందు సూదుల బ్రష్, చివర ఇనప దువ్వెన. దువ్వెన చర్మం నుంచి కొస వరకూ ఎక్కడా ఆగకుండా రావాలి. ఆగిందంటే అక్కడ ముడి ఉన్నట్టే. ముడి కనిపిస్తే దాని పైన, చర్మానికి ఆనుకుని, రెండు వేళ్లతో వెంట్రుకలు గట్టిగా పట్టుకుని, కొస నుంచి కొంచెం కొంచెంగా విడదీయాలి. అలా పట్టుకుంటే లాగుడు వేళ్ల మీద పడుతుంది, చర్మం మీద పడదు. మా అమ్మ నాకు చిక్కు తీసేటప్పుడు ఇలాగే పట్టుకునేది. మా అమ్మాయికి నేనూ అలాగే పట్టుకున్నాను. యాభై ఏళ్ల కిందటి చేతి నేర్పు ఒక కుక్క కోసం మళ్లీ బయటికి వస్తుందని అనుకోలేదు.

దీనికి పొట్టిబొచ్చుకైతే పది నిమిషాలు, పొడుగు బొచ్చుకైతే అరగంట, ఒక్కోసారి గంట. రోజూ. పండగైనా, పెళ్లికెళ్లి వచ్చినా, మోకాళ్లు నొప్పులైనా. స్నానం రెండు మూడు వారాలకోసారి చాలు కానీ, స్నానానికి ముందు దువ్వి తీరాలి. చిక్కుతో నీళ్లు పోస్తే ఆ ముడి ఇక విడదు. పోశాక లోపొర దాకా ఆరాలి. పైన ఆరి లోపల తడిగా ఉంటే వానాకాలంలో మూడు రోజుల్లో వాసన, నాలుగో రోజుకు దురద. చెవులు వేలాడుతూ లోపల వెంట్రుకలతో మూసుకుపోయి ఉంటాయి, అక్కడ నీళ్లు నిలిస్తే చీము. అరికాళ్ల మెత్తల మధ్య పెరిగే వెంట్రుకలు కత్తిరించకపోతే గచ్చు మీద జారి మోకాలిచిప్ప పక్కకు తప్పుతుంది. ఈ జాతికి ముందే ఆ బలహీనత ఉంది.

మన ఇళ్లల్లో వెంట్రుక అనగానే చెయ్యి కొబ్బరినూనె సీసా మీదికి పోతుంది. మొదట్లో నాదీ పోయింది. బొచ్చు జిడ్డుకి వీధిలోని దుమ్మంతా పట్టింది, వాడు ఒళ్లంతా నాకాడు, రెండు రోజులు విరేచనాలు. కుంకుడుకాయ అసలే వద్దు. మనం కళ్లు గట్టిగా మూసుకుంటేనే మండిపోతుందే, ఆ పెద్ద పెద్ద ఉబ్బు కళ్లకు ఎలా ఉంటుంది? మన షాంపూ కూడా పనికిరాదు. మన చర్మం అంత ఆమ్లంగా వాటి చర్మం ఉండదు. కుక్కల షాంపూ ఒక సీసా కొంటే మాకు నాలుగైదు నెలలు వస్తుంది.

ఇంత పని పెట్టే జీవిని మనిషి ఎందుకు తయారుచేశాడు? ఇది నన్ను చాలా రోజులు వెంటాడిన ప్రశ్న. షిట్జు అంటే చైనా భాషలో సింహం. టిబెట్‌లో సింహాలు లేవు. కానీ బౌద్ధానికి సింహం కావాలి. బుద్ధుడు శాక్యసింహుడు, మంజుశ్రీ వాహనం సింహం. అందుకని మఠాల్లోని చిన్న బొచ్చుకుక్కలే అక్కడ సింహాలయ్యాయి. అవి కానుకలుగా చైనా రాజుల కొలువుకు చేరి, అక్కడి పెకినీస్ కుక్కలతో కలిసి, ఈ చామంతిపూవు ముఖం వచ్చింది. చామంతి అన్నది నా ఉపమానం కాదు, ముక్కు చుట్టూ అన్ని దిక్కులకూ పెరిగే ఆ వెంట్రుకలను చూసి దీన్ని పెంచేవాళ్లు పెట్టుకున్న పేరే అది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర జరిపినప్పుడు పిల్లల్ని బస్సులో తీసుకెళ్లాను. బుద్ధుడు కాలచక్రం బోధించింది ఇక్కడి ధాన్యకటకంలోనేనని టిబెట్‌వాళ్ల నమ్మకం. ఎర్ర దుప్పట్లు కప్పుకున్న భిక్షువులు ఆ ఎండలో స్తూపం చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటే మా పిల్లలు మ్యూజియంలోని రాతి సింహాల పక్కన నిలబడి ఆడుకున్నారు. ఆ భిక్షువుల దేశం నుంచే బయల్దేరిన సింహం ఒకటి ఎన్నో మలుపులు తిరిగి నా ఒళ్లోకి వస్తుందని ఆ రోజు నాకేం తెలుసు.

బీజింగ్ అంతఃపురంలో సామ్రాజ్ఞి త్సూషీ వీటిని పెంచింది. కుక్కల పోషణకే మనుషులుండేవారు. 1908లో ఆమె పోయింది, తర్వాత రాజ్యమే పోయింది, కుక్కలు చెల్లాచెదురయ్యాయి. 1930లో బ్రౌన్‌రిగ్ అనే ఇంగ్లీషు దంపతులు కొన్నింటిని తమ దేశానికి తీసుకెళ్లారు. 1934కల్లా అక్కడ వీటికో క్లబ్బు ఏర్పడింది, లాసా ఆప్సో అనే మరో బొచ్చుకుక్క నుంచి ఇది వేరే జాతి అని తేల్చారు. చైనాలో మాత్రం కనుమరుగైపోయింది. ఇవాళ ప్రపంచంలో ఉన్న షిట్జులన్నీ 14 కుక్కల సంతానం, అందులోనూ ఒకటి 1952లో ఇంగ్లండులో కలిపిన పెకినీస్. పాఠం చెప్పిన అలవాటు కొద్దీ ఇక్కడ ఒక్క క్షణం ఆగుతాను: 14 కుక్కల నుంచి ఇంత సంతతి. ఎంత ఇరుకైన రక్తమో ఆలోచించండి.

లాసా ఆప్సోకీ దీనికీ పోలిక ఉంది కానీ స్వభావాలు వేరు. లాసా మఠాలకు కాపలా కాసింది, కొత్తవాణ్ణి అనుమానిస్తుంది. షిట్జు కాపలాకు పుట్టలేదు, వేటకు పుట్టలేదు, గొర్రెల్ని తోలడానికి పుట్టలేదు. మనిషి దగ్గర కూర్చోవడమే దాని పని. కోకిగాడు గ్యాసు బండ తెచ్చే అబ్బాయికీ తోక ఊపుతాడు, కరెంటు బిల్లు తీసే అతని బూట్ల మీదా పడుకుంటాడు. దొంగ వస్తే టార్చిలైటు పట్టుకునే రకం అంటారు మా వారు. మొండితనం మాత్రం ఉంది. గట్టిగా అరిస్తే వినడు, వీపు తిప్పి కూర్చుంటాడు. మంచిగా చెప్పి చిన్న చికెన్ ముక్క చూపిస్తే వింటాడు. ఒంటికీ రెంటికీ బయటికే వెళ్లాలన్నది అర్థం కావడానికి నెలలు పట్టింది, ఈ జాతిలో అది మామూలే. కొట్టకండి.

మా వారి సంగతి చెప్పాలి. కుక్క వంటింట్లోకి రాకూడదు, దేవుడి గది ఛాయలకు రాకూడదు అని మొదటి రోజే గీత గీశారు. 2021లో ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చాక నలభై రోజులు మంచం మీదే. కోకిగాడు ఆ నలభై రోజులూ మంచం పక్కన చెప్పుల మీద పడుకున్నాడు. తిండికీ నడకకూ తప్ప లేవలేదు. ఆయన దగ్గితే తల ఎత్తి చూసేవాడు. ఒక మధ్యాహ్నం గదిలోకి వెళ్తే, వాడు మంచం మీద ఆయన మోకాళ్లకు ఆనుకుని ఉన్నాడు, ఆయన చెయ్యి వాడి వీపు మీద ఉంది. ఇద్దరూ నిద్రలో ఉన్నారు. దేవుడి గది గీత ఇప్పటికీ అలాగే ఉంది. వాడు దాటడు, గడప బయట కూర్చుని హారతి అయ్యేదాకా చూస్తాడు.

ఇలాంటి ప్రాణిని పొద్దున ఎనిమిదిన్నరకు తాళం వేసి రాత్రి తొమ్మిదింటికి తీసే ఫ్లాట్‌లో పెంచడం తప్పు. ఏసీ వేసి వెళ్తున్నాం, గిన్నెలో తిండి పెట్టి వెళ్తున్నాం అంటారు. దానికి కావాల్సింది అది కాదు. మనిషి పక్కన ఉండడం కోసమే కొన్ని వందల ఏళ్లు మలిచిన జంతువు అది. ఒంటరిగా వదిలితే కాళ్లు నాక్కుని నాక్కుని పుండు చేసుకుంటుంది, పొద్దస్తమానం అరుస్తుంది. అప్పుడు పక్క ఫ్లాట్ వాళ్ల ఫిర్యాదు, అపార్ట్‌మెంట్ కమిటీ నోటీసు, చివరికి "మంచి ఇల్లు కావాలి" అని వాట్సాప్‌లో ఫొటో. అలాంటి ఫొటోల్లో ఉన్న కుక్క చెవుల కింద చూడండి, ఉండలు కనిపిస్తాయి. ఆ ఇంట్లో దాని పక్కన కూర్చునే తీరిక ఎవరికీ లేదని ఆ బొచ్చే చెబుతుంది.

ఇక మన ఎండలు. బెజవాడ మే నెల గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు. కుక్కకు చెమట అరికాళ్లలో తప్ప పట్టదు, రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకోవాలి. చప్పిడి ముక్కు, ఇరుకైన నాసికలు, పొట్టి దవడ ఉన్నదానికి ఆ రొప్పడం కూడా కష్టమే. 2020 వేసవిలో ఒక రోజు ఎనిమిది దాటాక బందరు కాలువ గట్టు దాకా తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు నడవలేక కూర్చుండిపోయాడు. నాలుక ముదురు ఎరుపైంది, నోట్లోంచి చిక్కటి చొంగ. కొబ్బరిబోండాల అతను బకెట్టు నీళ్లు ఇచ్చాడు. పొట్ట, చంకలు, అరికాళ్లు తడిపి, చెంగు తడిపి మీద వేసి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. బతికాడు. తప్పు నాది. అప్పటి నుంచి ఎండాకాలంలో అయిదున్నరకు వెళ్లి ఆరుంబావుకు ఇంట్లో ఉంటాం. సాయంత్రం రోడ్డు మీద అరచెయ్యి వెనక్కి తిప్పి ఆనించి చూస్తాను, నేను అయిదు సెకన్లు పెట్టలేకపోతే వాడూ నడవడు.

అందుకే నా అభిప్రాయం కుండబద్దలు కొట్టినట్టు చెబుతున్నాను. మన ఊళ్లల్లో షిట్జుకు నేలకు జీరాడే బొచ్చు పెంచకూడదు. అది పోటీల బొచ్చు, చలిదేశాల బొచ్చు, పనివాళ్లున్న రాజభవనాల బొచ్చు. ఫొటోల కోసం, రిబ్బన్ల కోసం, చూసినవాళ్లు "అబ్బ!" అనడం కోసం దాన్ని పెంచితే ఆ బరువు మోసేది కుక్క. అంగుళం ఉంచి ఒంటి బొచ్చంతా కత్తిరించండి, ఆరేడు వారాలకోసారి. కళ్ల మీద పడకుండా ముఖం గుండ్రంగా. గుండు మాత్రం చేయించకండి, చర్మానికి ఎండదెబ్బ తగులుతుంది. మా వాడికి మొదటిసారి గత్యంతరం లేక చేయించాం, మళ్లీ చేయించలేదు. పొట్టిగా ఉన్నా రోజూ దువ్వాలి. ఆ పది నిమిషాల్లో చేతికి తగిలేది బొచ్చు ఒక్కటే కాదు. పోయిన వానాకాలంలో మెడ మడతలో శనగబద్దంత పిడుదు దువ్వెనకు తగిలింది. రెండు వారాలకు వాడు తిండి మానేశాడు, చిగుళ్లు పాలిపోయాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉన్నాయి, పిడుదుల జ్వరం. డాక్సీసైక్లిన్ మాత్రలు నాలుగు వారాలు వాడాం. ఆ పిడుదును చూసి ఉండబట్టే డాక్టరుతో చెప్పగలిగాను, ఆయన వెంటనే ఆ పరీక్ష రాయగలిగారు. పొడుగు బొచ్చు అడుగున అది ఎవరికీ కనిపించేది కాదు.

కన్ను ఇంకో గండం. గుంటలు లోతు లేక కళ్లు ముందుకు ఉబ్బి ఉంటాయి. దిండు అంచు, దుప్పటి పోగు, తన వెంట్రుకే, ఏది గీసుకున్నా నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. ఒకసారి మా వాడు ఒక కన్ను చిట్లించుకుని నీళ్లు కారుస్తుంటే, మా బంధువొకరు తమ కళ్లకలక మందు మిగిలి ఉందని ఇచ్చారు. వేయబోతూ సీసా మీద చదివాను, అందులో స్టెరాయిడ్ ఉంది. కంటిలో పుండున్నప్పుడు స్టెరాయిడ్ పడితే ఆ పుండు లోతై కన్నే పోవచ్చు. డాక్టరు ఆకుపచ్చగా మెరిసే రంగుచుక్క వేసి చూసి, పుండు ఉందనే చెప్పారు. ఇంట్లో మందులు వేయకండి. పొద్దున్నే కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి కళ్ల మూలలు తుడవండి, అంతవరకే మన పని. మెడకు పట్టీ వేసి గొలుసు లాగకండి, ఛాతీకి వేసే పట్టీ వాడండి. మెడ మీద ఒత్తిడి పడితే ఆ కళ్లకూ మంచిది కాదు, ఆ గొంతుకూ మంచిది కాదు.

తిండి సంగతి రెండు ముక్కల్లో: ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం. మన పప్పులో, సాంబారులో, కూరలో ఉల్లి లేనిదేది? పాయసంలో కిస్‌మిస్ ఉంటుంది. ప్రేమతో ప్లేటులోంచి తీసి పెట్టకండి. వచ్చిన చుట్టాలకు కూడా ఈ మాట చెప్పండి, మొహమాటపడకండి. పళ్లు ఇరుకు దవడలో ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి కనుక చిన్నప్పటి నుంచే బ్రష్ అలవాటు చేయాలి. మేం ఆలస్యంగా మొదలుపెట్టాం, అయిదో ఏట నాలుగు పళ్లు తీయించాల్సి వచ్చింది.

అమ్మేవాళ్ల గురించి రాయకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. మన దేశంలో 2017 నుంచి కుక్కల పెంపకం, అమ్మకం మీద నిబంధనలున్నాయి. పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేయించుకోవాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లికుక్కను ఏడాదికి ఒక ఈత, జీవితం మొత్తం మీద 5 ఈతల కంటే ఎక్కువ ఈనించకూడదు. కోకిగాణ్ణి మా అబ్బాయికి ఇచ్చింది ఎన్నో వారంలో తెలుసా? అయిదో వారంలో. "చిన్నప్పుడైతేనే మీకు మాలిమి అవుతుంది సార్" అన్నాడట అమ్మిన మనిషి. తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఉండాల్సిన రోజులవి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో నేర్చుకునే రోజులు. "తల్లిని చూపించండి" అని మా అబ్బాయి అడగలేదు. అడిగి ఉంటే ఏ ఇనపబోనులో, ఎన్నో ఈతలో ఉందో తెలిసేది. మీరు అడగండి. చూపించకపోతే వెనక్కి వచ్చేయండి.

కోకిగాణ్ణి జత కట్టిస్తారా అని ముగ్గురు అడిగారు, ఒకరైతే పిల్లనో డబ్బో ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు, ఆపరేషన్ చేయించేశాను. వాడి మోకాలిచిప్ప, వాడి పళ్లు, వాడి కళ్లు ఇంకో అయిదారు పిల్లలకు పంచడం నాకు ఇష్టం లేదు.

షిట్జును పెంచొద్దని నేను అనడం లేదు. మా ఈడువాళ్లకు ఇంతకంటే మంచి తోడు నాకు తెలియదు. ఆరేడు కిలోల లోపే ఉంటుంది, రెండు వీధులు నడిస్తే చాలు, గొలుసు పట్టుకుని మనల్ని లాగిపడేయదు, రోజంతా మన కాళ్ల దగ్గరే ఉంటుంది. కాకపోతే మమ్మల్ని అడగాలి. పిల్లలు తమ తీరికను లెక్కేసుకోకుండా తెచ్చి, వీసా వచ్చాక అమ్మానాన్నల చేతిలో పెట్టి వెళ్లడం ఉంది చూశారా, అది కుక్కకూ అన్యాయం, అమ్మానాన్నలకూ అన్యాయం. పుట్టినరోజు కానుకగా ఇవ్వడం మరీ అన్యాయం. ఇది పన్నెండేళ్లు, పదిహేనేళ్లు బతికే ప్రాణి. నాకు 66. మా వాడికి ఏడు నిండాయి. వాడి ముసలితనమూ నా ముసలితనమూ ఒకేసారి వస్తున్నాయి. ఈ లెక్క కొండాపూర్‌లో కొన్న రోజున ఎవరూ వేయలేదు. నేను ముందు పోతే వాడు ఎవరి దగ్గర ఉండాలో మా అమ్మాయితో మాట్లాడి కాగితం మీద రాసి పెట్టుకున్నాను, వాడి టీకాల కార్డుతో పాటు.

మా పై అంతస్తులో ఇంటరు చదివే అమ్మాయి ఉంది. పోయిన దసరా సెలవుల్లో వచ్చి, "ఆంటీ, నాక్కూడా షిట్జు కొనిస్తానన్నారు నాన్న, ఎక్కడ దొరుకుతుంది?" అంది. చెబుతాను గానీ ముందు పదిహేను రోజులు రోజూ సాయంత్రం ఆరింటికి వచ్చి కోకిగాణ్ణి నువ్వు దువ్వు అన్నాను. మొదటి రోజు ఉత్సాహంగా వచ్చింది. మూడో రోజు ఫోను చూస్తూ దువ్వింది, దువ్వెన చర్మానికి తగిలి వాడు కుయ్యిమన్నాడు. ఫోను పక్కన పెట్టింది. ఆరో రోజు రాలేదు. ఎనిమిదో రోజు వచ్చి, "కాలేజీ మొదలైతే నాకు కుదరదేమో ఆంటీ" అంది, తలొంచుకుని. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదమ్మా, ఆ మాట ముందే తెలుసుకున్నావు అన్నాను.

వాళ్ల నాన్న కుక్కను కొనలేదు. ఆ పిల్ల మాత్రం ఆదివారాలు వస్తూనే ఉంది. వరండాలో పాత తువాలు పరిస్తే కోకిగాడే వచ్చి దాని మీద పడుకుని, ముందు ఎడమ చెవి అప్పజెబుతాడు. మొన్న చూశాను, చెవి కింద చిన్న ముడి తగిలితే ఆ అమ్మాయి చర్మానికి ఆనించి రెండు వేళ్లతో వెంట్రుకలు పట్టుకుని, కొస నుంచి విడదీస్తోంది. వాడు కళ్లు కూడా తెరవలేదు.